చూర్ణానికి ముందు గడియారం

(యల్లాప్రగడ సుబ్బారావు స్మృతిలో బాన్సువాడలో ఇచ్చిన ఉపన్యాస పాఠం)

సుబ్బారావు గారి పేరు మీద జరిగే సభ కాబట్టి యాంటీబయాటిక్స్ గురించో, క్యాన్సర్ మందుల గురించో మాట్లాడతానని కొందరు అనుకొని ఉంటారు. ఈ సాయంత్రపు విషయం అంత పెద్దది కాదు. ఏళ్ల తరబడి వదలని ఛాతీమంట, దానికి మనం ఇంట్లో చేసుకునే వైద్యం. అయితే ఈ విషయానికీ ఆయన జీవితానికీ సంబంధం లేకపోలేదు. 1895లో భీమవరంలో పుట్టిన సుబ్బారావు ఇద్దరు అన్నదమ్ములను స్ప్రూ అనే పేగుజబ్బు రోజుల తేడాతో బలి తీసుకుంది. తర్వాత అదే జబ్బు ఆయనకూ వచ్చింది. మద్రాసులో ఆచంట లక్ష్మీపతి గారు ఆయుర్వేద చికిత్సతో నయం చేశారు. కొంతకాలం ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి, ఆపైన ఆయన హార్వర్డ్‌కు వెళ్లారు. 1945లో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది, స్ప్రూ రోగుల రక్తహీనతకు అది మందయింది. తనను బతికించిన సంప్రదాయానికి ఆయన దండం పెట్టి ఊరుకోలేదు, దాన్ని వెక్కిరించనూ లేదు. ఏ పదార్థం, ఏ లోపం మీద, ఎంత మోతాదులో పనిచేస్తోంది అని అడిగారు. ఈ మూడు ప్రశ్నలనే మన పోపులపెట్టె ముందూ, మందుల దుకాణం ముందూ నిలబడి అడుగుదాం.

మన దగ్గర ఛాతీమంట వస్తే జరిగేది అందరికీ తెలుసు. ముందు చల్లటి పాలు. తగ్గకపోతే నీళ్లలో ఈనో, అదీ లేకుంటే చిటికెడు వంటసోడా. మజ్జిగలో వేయించిన జీలకర్ర పొడి, అన్నం తిన్నాక సోంపు, పరగడుపున వాము నీళ్లు, అల్లంరసంలో తేనె, ఉసిరి పొడి, అతిమధురం. ఇటీవల వీటికి కలబంద రసం, యాపిల్ సైడర్ వెనిగర్, పసుపు క్యాప్సూళ్లు తోడయ్యాయి. చివరకు దుకాణానికి వెళ్లి ‘గ్యాస్ గోలీ’ అడుగుతారు. ఇదేదో నలుగురైదుగురి బాధ కూడా కాదు. భారతీయ జీర్ణకోశ వైద్యుల సంఘం 12 కేంద్రాల్లో 3,224 మందిని పరిశీలించి 2011లో ప్రచురించిన లెక్కలో 7.6 శాతం మందికి ఈ జబ్బు ఉంది. అంటే పదమూడు మందిలో ఒకరికి. నేను వాదించబోయేది ఒక్కటే. దీర్ఘకాలపు ఛాతీమంటకు ఇంటివైద్యం ఉంది, అది బలమైనదే, కానీ అది పోపులపెట్టెలోనూ లేదు, సప్లిమెంట్ సీసాలోనూ లేదు. ఏ వేళకు తింటాం, ఎంత తింటాం, తిన్న ఎంతసేపటికి పడుకుంటాం, ఎటు ఒత్తిగిలి పడుకుంటాం అన్నదానిలో ఉంది. చూర్ణాల వంతు ఆ తర్వాత వస్తుంది, అప్పుడు కూడా ఒక్కో చూర్ణం తన సంగతి తానే రుజువు చేసుకోవాలి.

ఎందుకో తెలియాలంటే మంట ఎలా పుడుతుందో చూడాలి. కడుపు రోజుకు లీటరున్నరో, అంతకన్నా ఎక్కువో జఠరరసాన్ని ఊరిస్తుంది. అందులోని హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని తట్టుకొనేలా కడుపు గోడ తయారైంది, అన్నవాహిక గోడ అలా తయారుకాలేదు. రెండింటి నడుమ ఒక కండరపు కవాటం ఉంది, ఉదరవితానం (డయాఫ్రమ్) దాన్ని బయటి నుంచి బిగించి పట్టుకుంటుంది. ఈ జబ్బున్నవాళ్లలో ఎక్కువమందికి ఊరే ఆమ్లం మామూలు మోతాదులోనే ఉంటుంది. తప్పు ఎక్కువగా కవాటంలోనే ఉంది. మింగే పని లేకపోయినా అది కొన్ని సెకన్లపాటు వదులై తెరుచుకుంటుందని 1982లో డాడ్స్, డెంట్ బృందం అన్నవాహికలో ఒత్తిడి కొలిచి చూపించింది. నిజాంసాగర్ కాలువ కింద సేద్యం చేసేవారికి ఇది వేరే చెప్పనక్కర్లేదు. చెరువులో నీళ్లు ఎక్కువ కాకపోయినా తూము వేళకాని వేళ తెరుచుకుంటే మడి మునుగుతుంది. కడుపు నిండుగా సాగినప్పుడు, పొట్టకొవ్వు పైకి నెట్టినప్పుడు కవాటం మరింత తరచుగా వదులవుతుంది. పడుకుంటే పైకొచ్చిన ఆమ్లం భూమ్యాకర్షణ సాయం లేక అక్కడే నిలుస్తుంది. నిద్రలో ఉమ్మి దాదాపు ఊరదు, గుటక ఎప్పుడో గాని పడదు, కాబట్టి అన్నవాహికను కడిగేదీ పెద్దగా ఉండదు. ఆమ్లాన్ని చల్లార్చే ఏ పదార్థమైనా ఈ కథలో ఒక చిన్న భాగాన్నే తాకుతుందని ఇక్కడే తేలిపోతుంది.

వంటసోడా సంగతి చూడండి. అది ఆమ్లాన్ని నిమిషాల్లో విరుస్తుంది, సందేహం లేదు. విరిచేటప్పుడు బొగ్గుపులుసు వాయువు పుడుతుంది, ఆ వాయువు కడుపును సాగదీసి పెద్ద త్రేన్పుగా బయటికొస్తుంది. హాయిగా అనిపించే ఆ త్రేన్పు కవాటం తెరుచుకుంటేనే వస్తుంది! ఒక టీచెంచా వంటసోడాలో సుమారు 1,200 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. పెద్దవాళ్లకు రోజు మొత్తం మీద 2,000 మిల్లీగ్రాములకు లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బీపీ, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు రోజూ సోడా తాగితే మంటకు మందు వేసుకుంటూ మరో జబ్బును పెంచుకున్నట్టే. ఎప్పుడో పెళ్లిభోజనం తర్వాత ఒక ఈనో పొట్లం వేరు, ఏళ్ల తరబడి రోజూ వేసుకోవడం వేరు.

పాల కథకు చరిత్ర కూడా ఉంది. 1915లో షికాగో వైద్యుడు బెర్‌ట్రమ్ సిప్పీ కడుపుపుండు రోగులకు గంటగంటకూ పాలు, మీగడ పట్టే పద్ధతిని ప్రచారం చేశాడు. దశాబ్దాలపాటు లోకమంతా అదే పాటించింది. 1976లో కొలిచి చూస్తే పాలు తాగాక కడుపులో ఆమ్లం ఊరడం పెరిగిందని తేలింది. మొదట పాలు ఆమ్లాన్ని విరుస్తాయి, తర్వాత వాటిలోని మాంసకృత్తులు, కాల్షియం కడుపును మళ్లీ ఆమ్లం ఊరించమని పురికొల్పుతాయి. రాత్రి పడుకోబోయే ముందు గ్లాసెడు చిక్కటి పాలు తాగడం ఛాతీమంటకు మందని మనం అనుకుంటున్నాం, నిజానికి అది ఆ వేళకు మరో చిన్న భోజనం. ఇది ఒక్క పాల విషయమే కాదు. పెద్ద వైద్యులు, పెద్ద ఆసుపత్రులు అరవై ఏళ్లు నమ్మినంత మాత్రాన ఒక చికిత్స నిజం కాదని చెప్పే ఉదాహరణ. అమ్మమ్మల నమ్మకానికి పెట్టే పరీక్షే ఆచార్యుల నమ్మకానికీ పెట్టాలి.

మూలికల దగ్గర నేను నెమ్మదిగా నడుస్తాను, ఎందుకంటే ఇక్కడ తొందరపడి కొట్టిపారేసేవాళ్లూ, తొందరపడి మొక్కేవాళ్లూ ఎక్కువ. ఆయుర్వేద గ్రంథం మాధవనిదానం ఆమ్లపిత్తానికి విడిగా ఒక అధ్యాయం ఇచ్చి, పైకి పోయేది, కిందికి పోయేది అని రెండుగా విడదీసింది. ఆ పరిశీలన ఎంత నిశితమో ఈనాటి వైద్యుడికీ అర్థమవుతుంది. ఇక మందుల దగ్గరకొస్తే, ఉసిరికి కొంత సాక్ష్యం ఉంది. ఇరాన్‌లో 68 మంది రోగులకు కొందరికి ఉసిరి మాత్రలు, కొందరికి ఉత్త మాత్రలు నాలుగు వారాలు ఇచ్చి, ఎవరికి ఏది వెళ్లిందో రోగికీ వైద్యుడికీ తెలియకుండా చూసి, 2018లో ఫలితాలు ప్రచురించారు. ఉసిరి వేసుకున్నవాళ్లలో మంట, పుల్లటి నీళ్లు పైకి రావడం బాగా తగ్గాయి. నాలుకకు పుల్లగా ఉన్నదల్లా ఛాతీమంటకు శత్రువని అనుకునేవాళ్లు ఈ ఫలితం దగ్గర కాస్త ఆగాలి. కానీ 68 మందితో, నాలుగు వారాలతో ఏళ్లనాటి జబ్బు గురించి తీర్పు చెప్పలేం. జీలకర్ర, వాము, సోంపు ఉబ్బరాన్ని తగ్గిస్తాయేమో గాని కవాటం మీద పనిచేస్తాయనడానికి గట్టి ఆధారం లేదు. అల్లం కడుపు త్వరగా ఖాళీ అయ్యేందుకు కొంత సాయపడుతుంది, ఎక్కువైతే అదే మంట పుట్టిస్తుంది. అతిమధురం మీద మాత్రం హెచ్చరిక తప్పదు. అందులోని గ్లిసరైజిన్ రక్తపోటును పెంచి, రక్తంలో పొటాషియంను తగ్గిస్తుంది. చెట్టునుంచి వచ్చింది కదా, ఏం చేస్తుందిలే అనుకునేవారు బీపీ ఉన్నవాళ్లకు దీన్ని నెలల తరబడి పెట్టకండి. యాపిల్ సైడర్ వెనిగర్ గురించి ఎక్కువ చెప్పను. కడుపులో ఆమ్లం తక్కువై మంట పుడుతుందన్న సిద్ధాంతం మీద దాన్ని అమ్ముతున్నారు, ఆ సిద్ధాంతానికి నిలబడే సాక్ష్యం లేదు.

పసుపు మాట ఎత్తకుండా నిజామాబాద్ పక్కన నిలబడి ఈ విషయం మాట్లాడటం కుదరదు. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు అక్కడే మొదలైంది, పసుపు మన పంటే కాదు, మన గర్వం కూడా. 2023లో థాయ్‌లాండ్ పరిశోధకులు అజీర్తితో బాధపడే 206 మంది మీద పసుపులోని కర్క్యుమిన్‌నూ, ఆమ్లాన్ని తగ్గించే ఒమెప్రజోల్ మాత్రనూ పోల్చారు. రెండూ దాదాపు ఒకేలా ఉపశమనం ఇచ్చాయి. వార్త మన పత్రికల్లోకీ ఫోన్లలోకీ వచ్చేసరికి ‘గ్యాస్ గోలీకి పసుపు సమానం’ అయింది. మూడు సంగతులు దారిలో జారిపోయాయి. ఆ రోగులది కడుపు పైభాగపు అజీర్తి, ఆమ్లం పైకి ఎగదన్నే జబ్బు కాదు. ఉత్త మాత్రలు తీసుకున్న గుంపు అందులో లేదు, కాబట్టి రెండూ పనిచేశాయా, రెండిటికీ కాలమే కలిసివచ్చిందా అన్నది విడదీయలేం. మూడోది మోతాదు. రోజుకు రెండు గ్రాముల కర్క్యుమిన్ ఇచ్చారు. మామూలు పసుపులో నూటికి మూడు పాళ్లు కర్క్యుమిన్ అనుకుంటే అది అరవై గ్రాములకు పైబడిన పసుపు. ఏ పప్పులోనూ, ఏ కూరలోనూ అంత పడదు. అందుకే జనం క్యాప్సూళ్ల వైపు వెళ్తారు, అక్కడ కథ మారుతుంది. ఒంటికి బాగా పట్టాలని కర్క్యుమిన్‌కు మిరియాల సారం కలుపుతారు. అమెరికాలో మందుల వల్ల కాలేయం దెబ్బతిన్న కేసులను నమోదు చేసే బృందం పసుపు సప్లిమెంట్లతో ముడిపడిన పది కేసులను 2022లో వివరించింది, కొన్నిటిలో మిరియాల సారం కూడా ఉంది. అరుదైన ప్రమాదమే, కాదనను. కానీ వంటింటి పసుపుకు వేల ఏళ్ల అనుభవం తోడుంది, క్యాప్సూలుకు లేదు. అరువు తెచ్చుకున్న ఆ అనుభవాన్ని చూపించి సీసా అమ్ముతున్నారు. మన దేశపు నిబంధనల ప్రకారం ఆహార సప్లిమెంట్ల డబ్బా మీద ఇది వైద్య అవసరానికి కాదని రాయాలి. కొనేవాళ్లు ఆ ఒక్క వాక్యాన్నీ చదవరు.

ఇక్కడ బలమైన అభ్యంతరం ఒకటి వస్తుంది. తరతరాలుగా జనం జీలకర్ర నీళ్లు తాగి నెమ్మదించారు కదా, ఇంతమంది అనుభవం అబద్ధమా? అబద్ధం కాదు. వాళ్లు నెమ్మదించిన మాట నిజం. ఎందువల్ల నెమ్మదించారన్నదే ప్రశ్న. ఛాతీమంట ఎగుడుదిగుడుగా నడిచే జబ్బు. బాగా ముదిరిన రోజున మనం మందు వెతుకుతాం, ఆ తర్వాత ఏమీ చేయకపోయినా కొంత దిగివచ్చే అవకాశమే ఎక్కువ. ఈ జబ్బు మీద జరిగిన అనేక పరీక్షలను కలిపి చూస్తే ఉత్త మాత్ర వేసుకున్నవాళ్లలోనే దాదాపు అయిదింట ఒకవంతు మందికి ఉపశమనం కలిగింది. బాన్సువాడలో వందమందికి ఏ హానీ లేని పొడి ఇస్తే ఇరవైమంది దాకా మేలైందంటారు, మిగతా ఎనభైమంది ఏమీ అనరు. ఊళ్లో మనకు వినిపించేది ఆ ఇరవైమంది మాటే. ఇలా అన్నంత మాత్రాన జీలకర్ర నీళ్లు పారబోయమని కాదు. హాని లేదు, ఖర్చు లేదు, హాయిగా ఉంటే తాగండి. దాన్ని నమ్ముకొని అసలు చేయాల్సింది వాయిదా వేసినప్పుడే నష్టం మొదలవుతుంది.

అసలు చేయాల్సింది అన్నానే, దానికి ఆధారం ఎలాంటిదో చెబుతాను. జపాన్‌లో 147 మంది రోగులనూ, జబ్బు లేని 294 మందినీ పోల్చి 2005లో ప్రచురించిన అధ్యయనంలో, రాత్రి భోజనానికీ పడకకూ నడుమ నాలుగు గంటలో అంతకన్నా ఎక్కువో ఎడం పాటించేవాళ్లతో చూస్తే, మూడు గంటల లోపే పడుకునేవాళ్లలో జబ్బు ఏడు రెట్లకు పైగా ముడిపడి కనిపించింది. ఇలాంటి పోలిక కారణాన్ని పూర్తిగా నిరూపించదు గాని, శరీరధర్మం చెప్పేదానితో సరిగ్గా సరిపోతుంది. పక్కల విషయం ఇంకా స్పష్టం. 2022లో ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు 57 మంది నిద్రిస్తుండగా అన్నవాహికలో ఆమ్లాన్నీ, ఒత్తిగిలిన దిక్కునూ కలిపి కొలిచారు. ఎడమవైపు పడుకున్నప్పుడు ఆమ్లం 35 సెకన్లలో తొలగింది, వెల్లకిలా ఉంటే 76, కుడివైపైతే 90 సెకన్లు పట్టింది. ఎడమకు తిరిగినప్పుడు కడుపులోని రసం కవాటానికి దిగువన నిలుస్తుంది, కుడికి తిరిగితే కవాటం దాకా వస్తుంది. ఇంతకన్నా చవకైన మందు ఏ దుకాణంలోనూ దొరకదు. మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టి 15 నుంచి 20 సెంటీమీటర్లు ఎత్తు చేయడం కూడా పనిచేస్తుంది. దిండ్లు పేర్చితే మాత్రం నడుము దగ్గర వంగి కడుపు మీద ఒత్తిడి పెరుగుతుంది. బరువు సంగతి కూడా అంతే. అమెరికాలో పదివేలకు పైగా నర్సులను గమనించిన అధ్యయనం 2006లో వచ్చింది. లావుగా లేనివాళ్లలో కూడా శరీర భార సూచిక మూడున్నర పాయింట్లకు మించి పెరిగితే తరచు మంట వచ్చే అవకాశం దాదాపు మూడు రెట్లయింది. ఆస్ట్రియాలో 19 మంది రోగుల్లో కొందరికి పొట్టతో గాలి పీల్చే అభ్యాసం నేర్పితే వాళ్లలో ఆమ్లం పైకి రావడం తగ్గిందని 2012లో తేలింది. చిన్న అధ్యయనమే, కానీ కవాటాన్ని బిగించే ఉదరవితానానికి అది వ్యాయామం. ప్రాణాయామం చేసేవాళ్లు సంతోషించవచ్చు, తిన్న వెంటనే మాత్రం చేయకండి. అంతకుముందు 2006లోనే, ఏయే అలవాట్లు మార్చుకుంటే ఫలితం ఉందని వెతికిన ఒక సమీక్ష బరువు తగ్గడానికీ, తలవైపు ఎత్తుకూ గట్టి ఆధారం ఉందనీ, ఫలానా తిండి మానేస్తే తగ్గుతుందనడానికి అంత ఆధారం లేదనీ తేల్చింది. కాబట్టి పచ్చిపులుసు, తొక్కు జీవితాంతం మానాలని ఎవరైనా శాసిస్తే కంగారుపడకండి. పుండైన చోట కారం మండుతుంది, అది పడనివాళ్లు తగ్గించుకోవాలి, పడేవాళ్లు ఎందుకు మానాలి?

‘చెప్పడం తేలికే, మా బతుకులు చూశారా?’ అని మీరు అడగవచ్చు. ఈ అభ్యంతరాన్ని నేను అన్నిటికన్నా ఎక్కువ గౌరవిస్తాను. నాట్లప్పుడు, కోతలప్పుడు పొలం నుంచి ఇల్లు చేరేసరికే చీకటి పడుతుంది. రైస్‌మిల్లులో రాత్రి పనివాడికి భోజనవేళ అతని చేతిలో లేదు. కామారెడ్డి, నిజామాబాద్ జిల్లాల్లో వేలాది ఆడవాళ్లు ఒళ్లో చాట పెట్టుకొని, ముందుకు వంగి గంటల తరబడి బీడీలు చుడతారు, తిన్న వెంటనే ఆ భంగిమలో కూర్చుంటే కడుపు మీద ఒత్తిడి తప్పదు. గల్ఫ్‌లో ఒకే గదిలో పదిమంది పడుకునేచోట మంచం ఎత్తు చేయమంటే నవ్వుతారు. అయినా, చేయగలిగింది కొంత మిగిలే ఉంది. భోజనవేళ మారకపోతే భోజనపు పరిమాణాన్ని అటూ ఇటూ చేయవచ్చు. పగలు కడుపునిండా, రాత్రి సగం. చాప మీద పడుకునేవారైనా ఎడమకు తిరగవచ్చు. బీడీలు చుట్టే ఆమె తిన్నాక అరగంట నిలబడి చేసే ఇంటిపనిని ముందుకు జరపవచ్చు. మిగతాది పని గంటలు నిర్ణయించేవారి బాధ్యత, దాన్ని రోగి నెత్తిన వేయడం న్యాయం కాదు.

కవాటాన్ని వదులు చేసేవి మరికొన్ని మన మధ్యనే ఉన్నాయి. పొగాకు, మద్యం సంగతి తెలిసిందే. కల్లు గురించి ఇక్కడ మాట్లాడాల్సిందే. 2025 ఏప్రిల్‌లో ఈ చుట్టుపక్కల మండలాల్లో కల్తీ కల్లు తాగి పదుల సంఖ్యలో జనం ఆసుపత్రి పాలయ్యారు. కల్లులో కలిపే అల్ప్రజోలం లాంటి మత్తుమందులు మెదడును మాత్రమే కాదు, ఆ కవాటాన్నీ సడలిస్తాయి, ఆమ్లం పైకొచ్చినా మెలకువ రానివ్వవు. ఒళ్లునొప్పులకు అడిగీ అడగకుండానే ఇచ్చే డైక్లోఫెనాక్ మాత్రలు కడుపు గోడనే దెబ్బతీస్తాయి. పొద్దున నొప్పిగోలీ, సాయంత్రం గ్యాస్‌గోలీ వేసుకొని, మధ్యలో మూలికాచూర్ణం మీద భారం వేసే పద్ధతిలో ఏ మూలిక గెలుస్తుంది?

ఇక ఇంగ్లీషు మందుల మీద ఉన్న భయం. ‘ఆ గోలీలు వాడితే కిడ్నీలు పోతాయి, ఒకసారి మొదలుపెడితే వదలవు’ అంటారు. మొదటి మాటకు సమాధానం కొంత ఉంది. 2019లో వెలువడిన ఒక పరీక్షలో 17,598 మందిని పాంటొప్రజోల్ అనే గ్యాస్ గోలీ, ఉత్త మాత్ర అని రెండుగా విడదీసి మూడేళ్లు గమనించారు. కిడ్నీ జబ్బుల్లో తేడా రాలేదు. పేగు ఇన్ఫెక్షన్లు మాత్రం 1.0 శాతం నుంచి 1.4 శాతానికి పెరిగాయి. రెండో మాటలో సగం నిజం ఉంది. డెన్మార్క్‌లో ఏ జబ్బూ లేని 120 మందిలో కొందరికి ఇలాంటి మాత్ర ఎనిమిది వారాలిచ్చి ఆపేస్తే, ఆ తర్వాతి వారాల్లో 44 శాతం మందికి మంట, పుల్లటి త్రేన్పులు లాంటి బాధలు కొత్తగా వచ్చాయి. ఉత్త మాత్ర వాళ్లలో అది 15 శాతమే. అణచిపెట్టిన ఆమ్లం ఆపగానే పొంగుతుంది. కాబట్టి అవసరం లేనివాడు మొదలుపెట్టకూడదు, ఉన్నవాడు ఒక్కసారిగా ఆపకుండా వైద్యుడిని అడిగి మెల్లగా తగ్గించుకోవాలి. మరో మాట. ఈ గోలీలు తిండికి అరగంట ముందు వేసుకుంటేనే సరిగా పనిచేస్తాయి. తిన్నాక, పడుకోబోయే ముందు వేసుకొని మందు పనిచేయలేదని చూర్ణాల వైపు తిరిగినవాళ్లు ఎంతమందో.

ఇంటివైద్యానికి ఒక ఎల్ల ఉంది. ముద్ద దిగకపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తపు వాంతి, తారులా నల్లటి విరేచనం, రక్తహీనత, యాభై దాటాక కొత్తగా మొదలైన మంట, వీటిలో ఏది కనిపించినా ఎండోస్కోపీ చేయించుకోవాలి. వారానికి రెండు రోజులకు మించి వచ్చే మంట నెల దాటితే వైద్యుడికి చూపించాలి. ఛాతీలో బరువుగా నొక్కినట్టుండి, చెమటలు పట్టి, నొప్పి దవడకో ఎడమ చేతికో పాకితే అది కడుపు సంగతి కాకపోవచ్చు. షుగర్ ఉన్నవాళ్లలో, ఆడవాళ్లలో ఈ గుర్తులు కూడా సరిగా కనబడకపోవచ్చు, ఒట్టి మంటే గుండెపోటు కావచ్చు. అలాంటప్పుడు సోడా తాగించి, వీపు రాసి, త్రేన్పు కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా, ఎంత రాత్రయినా ఈసీజీ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఛాతీమంటకూ గుండెపోటుకూ తేడాను ఇంట్లో ఎవరూ తేల్చలేరు, వైద్యుడు కూడా పరికరం లేకుండా తేల్చలేడు.